ఇంకొంచెం జాగా

హైదరాబాదులో మూసీ మీద 1578లో కట్టిన వంతెన పేరు పురానాపూల్. దానికి దిగువన, అఫ్జల్‌గంజ్ నుంచి పాతబస్తీకి దారిచ్చే వంతెన పేరు నయాపూల్. ఈ 'కొత్త' వంతెనను కట్టింది 1860 ప్రాంతంలో. 1908 సెప్టెంబరు వరదకు దెబ్బతింటే మళ్లీ కట్టుకున్నారు. ఆ తర్వాత ఊళ్లో ఎన్నో వంతెనలు, ఫ్లైఓవర్లు, చివరికి కేబుల్ బ్రిడ్జి కూడా వచ్చాయి. అయినా అఫ్జల్‌గంజ్ స్టాపులో దిగి అడగండి, ఎవరైనా చెయ్యి చాపి "అదే నయాపూల్" అంటారు. నూట అరవై ఏళ్లు దాటినా దాని కొత్తదనం మీద ఎవరికీ అభ్యంతరం లేదు.

నా లాప్‌టాప్‌కు పదకొండేళ్లు. దాన్ని చూసిన ప్రతివాళ్లకూ అభ్యంతరమే.

2014లో, బీటెక్ రెండో ఏడులో, నాన్న చిట్టీ పాడి కొనిచ్చాడు. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. అప్పట్లో హాస్టల్ గదిలో అదే మంచి సిస్టమ్. సినిమాలు చూశాం, ప్రాజెక్టు రిపోర్టులు చేశాం, నేను నా మొదటి కథ టైపు చేసుకున్నాను. బీటెక్ అయింది, ఉద్యోగం వచ్చింది, ఆఫీసువాళ్లు వేరే లాప్‌టాప్ ఇచ్చారు. ఇది బీరువా ఎక్కింది. నిరుడు ఉద్యోగం పోయింది. ఆఫీసు లాప్‌టాప్ వెనక్కి ఇచ్చేశాను. ఇది బీరువా దిగింది.

ఇప్పుడు నా పని పాత పుస్తకాలతో. అచ్చులో లేని తెలుగు పుస్తకాలను మళ్లీ వేసే ఒక ప్రచురణకర్త స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు పంపిస్తారు. నేను చూసి టైపు చేసి, ప్రూఫులు దిద్ది పంపాలి. పేజీకి ఇంత అని లెక్క. కాబట్టి నా సంపాదనకు, లాప్‌టాప్ వేగానికి నేరుగా సంబంధం ఉంది. మొదట్లో రోజుకు ఇరవై పేజీలు అయ్యేవి. రానురాను పన్నెండు దాటడం లేదు. ఒక విండోలో స్కాన్, ఒక విండోలో టైపింగ్, బ్రౌజర్‌లో ఆంధ్రభారతి నిఘంటువు, పక్కన వాట్సాప్. ఈ నాలుగూ తెరిస్తే చాలు, మౌస్ బాణం తిరిగే చక్రమైపోయేది. 'తత్తరపాటు' అనే మాటకు అర్థం వెతకడానికి నలభై సెకన్లు పట్టిన రోజున, ఆ మాటకు అర్థం నాకు నిఘంటువు లేకుండానే తెలిసింది.

నాన్న చూస్తూనే ఉన్నాడు. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. మిషను మొరాయిస్తుంటే ఆయన ఊరికే కూర్చోలేడు.

"కొత్తది కొనుక్కోరాదు బిడ్డా. బ్యాంకుల ఎఫ్‌డీ ఉన్నది గద, తీస్త" అన్నాడు.

"అది నీ మోకాలి ఆపరేషన్‌కు పెట్టింది నాన్నా."

"మోకాలు ఏడికి పోతది? ఇంకో యేడాది ఆగుతది."

ఆగదని మా ఇద్దరికీ తెలుసు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. ఒక మంచి లాప్‌టాప్ అంటే యాభై వేలు. ఆయన మోకాలు ఇంకో ఏడాది వెనక్కి.

*

వస్తువులు పాతబడటం రెండు రకాలు. ఒకటి అరుగుదల. బస్సు బ్రేక్ లైనర్ అరుగుతుంది, టైరు గుండవుతుంది, చెప్పు తెగుతుంది. అది నాన్నకు తెలిసిన పాతబడటం. ఇంకోటి ఏమిటంటే, వస్తువు ఉన్నచోటనే ఉంటుంది, దాని చుట్టూ ఉన్నవి పెద్దవైపోతాయి. నా లాప్‌టాప్‌ది రెండో రకం. బ్యాటరీ నీరసం, ఫ్యాన్‌లో దుమ్ము సంగతి వేరు. ప్రాసెసర్ మాత్రం 2014లో ఎంత వేగంగా లెక్కలు చేసిందో ఇవాళా అంతే వేగంగా చేస్తుంది. మారింది దాని ముందు మనం పెడుతున్న పని.

ఈ స్కాన్లనే చూడండి. ఇవాళ మనం చదువుతున్న పాత తెలుగు పుస్తకాల్లో చాలాభాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమే. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రాజ్‌రెడ్డి గారు మొదలుపెట్టిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టుకు మన దేశంలో సాగిన కొనసాగింపు అది. హైదరాబాదులో ఆ పని ట్రిపుల్ ఐటీ చూసుకుంది. తర్వాత ఆ సైటు మూతపడినా, స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బతికి ఉన్నాయి. మొదటి పేజీలో ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ చీటీ కనిపించే పుస్తకాలు మీరూ చాలానే దించుకుని ఉంటారు. ఫైలు చూస్తే ఇరవై ముప్ఫై ఎంబీలే. మరి తెరిస్తే లాప్‌టాప్ ఎందుకు నీలుగుతుంది?

లెక్క వేసి చూశాను. ఐదంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల పొడవు ఉన్న పేజీని అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 3,000 గుణింతం 4,800. అంటే కోటీ 44 లక్షల చుక్కలు. ఫైలులో వాటిని నలుపు-తెలుపుగా, మడతలు పెట్టి కుదించి దాస్తారు. తెర మీద చూపించాలంటే ఆ మడతలు విప్పాలి. పూర్తి సైజులో రంగు బొమ్మలాగా గీయాలంటే ఒక్కో చుక్కకు నాలుగు బైట్లు కావాలి. ఒక్క పేజీకి దాదాపు 58 ఎంబీ. ముందు పేజీ, వెనక పేజీ కూడా సిద్ధంగా పెట్టుకోవాలంటే దానికి మూడింతలు. ట్రంకు పెట్టెలో పట్టిన పట్టుచీర పరిస్తే గదంతా పట్టినట్టు.

ఆ పరిచే చోటే ర్యామ్. తెలుగులో మెమరీ అనగానే మనకు జ్ఞాపకం గుర్తొస్తుంది గానీ, ర్యామ్‌కు ఆ పోలిక సరిగ్గా అతకదు. దానికి సరైన పోలిక నయాపూల్‌కు ఇవతలి ఒడ్డునే ఉంది. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, అంటే 1891లో మొదలైన ఆసఫియా లైబ్రరీ. ఇప్పుడున్న భవనంలోకి 1936లో వచ్చింది. అక్కడ వరండాల్లో, చెట్ల కింద గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు కనిపిస్తారు. బల్ల దొరికినవాళ్లు నాలుగు పుస్తకాలు పరుచుకుని చదువుతారు. దొరకనివాళ్లు ఒళ్లో ఒక పుస్తకం పెట్టుకుని, రెండోది కావాల్సి వచ్చినప్పుడల్లా మొదటిది సంచిలో పెడతారు. హార్డ్‌డిస్క్ అంటే లోపలి బీరువాలు. ర్యామ్ అంటే మన ముందున్న బల్ల. బల్ల చిన్నదైతే చదివేవాడి తెలివేం తగ్గదు. కాకపోతే పొద్దంతా పుస్తకాలు లోపల పెట్టడం, బయటకు తీయడంతోనే సరిపోతుంది.

నా లాప్‌టాప్ చేస్తున్నది అదే. ర్యామ్ నిండగానే, అప్పటికి అక్కర్లేదనుకున్నదాన్ని హార్డ్‌డిస్క్ మీదికి తోసేస్తుంది. అంతలో నేను అదే అడుగుతాను. మళ్లీ వెతికి తెస్తుంది. ర్యామ్ నుంచి ఒక విషయం తేవడానికి సెకనులో కోటోవంతు పడితే, తిరిగే హార్డ్‌డిస్క్ నుంచి తేవడానికి సెకనులో వందోవంతు పట్టవచ్చు. అంటే లక్ష రెట్లు. బల్ల మీది పుస్తకం అందుకోవడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, బీరువాలోది రావడానికి ఒక పగలూ ఒక రాత్రీ గడిచి, ఇంకో నాలుగు గంటలు కావాలి. ఆ తిరిగే చక్రం చూస్తూ నేను గడిపిన కాలమంతా అదే.

కాబట్టి కావలసింది కొత్త లాప్‌టాప్ కాదు. ఇంకొంచెం జాగా.

*

నేను ర్యామ్ కొనడానికి బయలుదేరింది 2025 డిసెంబరులో. అంతకన్నా పాడు ముహూర్తం ఉండదు. ప్రపంచంలో తయారయ్యే ర్యామ్ చిప్పుల్లో సింహభాగం సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలదే. ఆ మూడూ ఇప్పుడు ఏఐ డేటాసెంటర్ల కోసం చేసే మెమరీ మీద పడ్డాయి. లాభం అక్కడుంది మరి. మామూలు ర్యామ్‌కు కరువొచ్చి ధర కొండెక్కింది. సరిగ్గా ఆ డిసెంబరు మొదట్లోనే మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు చిల్లర అమ్మకాల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పాత కంప్యూటర్లకు ర్యామ్ కొనేవాళ్లకు దశాబ్దాలుగా తెలిసిన పేరది.

ఆ మైక్రాన్‌కు మన ఊళ్లోనే పెద్ద డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది, 2019లో మొదలైంది. నాతో చదువుకున్న ఎంతోమంది ఆ చుట్టుపక్కల అద్దాల మేడల్లోనే పనిచేస్తారు. అమెజాన్ తన హైదరాబాద్ డేటాసెంటర్లను 2022 నవంబరులో తెరిచింది. అంటే మెమరీ గురించి ఆలోచించేవాళ్లు ఈ ఊరివాళ్లే, దాన్ని టన్నుల లెక్కన మింగే డేటాసెంటర్లు ఈ ఊరి శివార్లలోనివే. వేలెడంత ర్యామ్ ముక్క కోసం తిరుగుతున్న నేనూ ఈ ఊరిదాన్నే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో రెండు దుకాణాల్లో అడిగాను. "డీడీఆర్3 కొత్తది రాదు మేడం, దొరికినా రేటు చూస్తే మీరే వద్దంటారు" అన్నారు. ఒకతను నా లాప్‌టాప్ వైపు జాలిగా చూసి, "దీనికి పైసలు పెడ్తరా?" అన్నాడు.

పాతబస్తీ సంగతి చెప్పింది నాన్నే. "ఛత్తాబజార్ల ప్రెస్సులోళ్లు అందరు పాత కంప్యూటర్లే నడుపుతరు. ఆళ్లకు రిపేర్ చేసెటోడు ఎవడో ఉంటడు గద" అన్నాడు. ఎంత సరైన ఆలోచనో అక్కడికి వెళ్లాక తెలిసింది.

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగాం. ఆటో ఎక్కుదామంటే నాన్న ఒప్పుకోలేదు. నయాపూల్ మీద కుడివైపు హైకోర్టు గుమ్మటాలు, ఎడమవైపు సాలార్‌జంగ్ మ్యూజియం. తోపుడుబండ్ల మధ్య నుంచి నడుస్తూ, రెండుసార్లు పిట్టగోడ దగ్గర ఆగాడు. "మూసీ చూస్తున్న" అన్నాడు. మూసీలో చూడ్డానికేముందో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. నేనూ చూశాను.

మదీనా దగ్గర ఎడమకు మళ్లి లోపలికి పోతే ఛత్తాబజార్. పెళ్లిపత్రికల బజారు. గల్లీ మొత్తం అట్టల దొంతరలు, సిరా వాసన, కాగితం కోసే మిషన్ల చప్పుడు. ఒకప్పుడు ఇక్కడ కాతిబులు కూర్చుని ఉర్దూ పత్రికలు చేత్తో రాసేవారు. ఇప్పుడు ఉర్దూకు ఇన్‌పేజ్, తెలుగుకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. దానికి 2 జీబీ ర్యామ్ అంటే సముద్రం. అందుకే ఇక్కడ పదిహేనేళ్ల కంప్యూటర్‌ను ఎవరూ పాతదనరు, "సెట్ అయిన సిస్టమ్" అంటారు. దాని జోలికి ఎవర్నీ పోనివ్వరు. పని పెరగలేదు కాబట్టి మిషనుకు వయసు రాలేదు.

*

ఒక ప్రెస్సతను చూపించిన మెట్లెక్కితే చిన్న గది. బల్ల మీద విప్పిన లాప్‌టాప్‌లు నాలుగైదు. గోడకు మందుల షాపుల్లో ఉండేలాంటి చిన్న చిన్న సొరుగులు. యాభై దాటిన మనిషి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "క్యా హోనా బేటీ?" అన్నాడు. చెప్పాను.

ఆయన వెంటనే స్క్రూడ్రైవర్ అందుకోలేదు. ముందు లాప్‌టాప్ ఆన్ చేయించి, నేను రోజూ వాడేవన్నీ తెరవమన్నాడు. తెరిచాను. టాస్క్ మేనేజర్ చూపించాడు. మెమరీ 93 శాతం, డిస్క్ 100 శాతం. "డిస్క్ పరేషాన్ ఎందుకంటే మెమరీల జాగా లేదు" అన్నాడు తెలుగులోకి మారి. ఎస్‌ఎస్‌డీ కూడా వేయించుకుంటే మంచిదే కానీ, రెండిట్లో ఒకటే అంటే ముందు ర్యామ్ అన్నాడు. ఎస్‌ఎస్‌డీ ధర ఎక్కువ, అంటే ఆయనకు లాభమూ ఎక్కువే అయి ఉండాలి. అయినా ఆ మాట అన్నాడు.

సీపీయూ-జెడ్ తెరిచి లోపలి లెక్క చూశాడు. స్లాట్లు రెండు. ఒకదాంట్లో 4 జీబీ, 1600 వేగంది. రెండోది ఖాళీ. పదకొండేళ్లుగా ఖాళీ. నాకు తెలియని గది ఒకటి మా ఇంట్లోనే ఉన్నట్టు అనిపించింది.

ఒక సొరుగు లాగి మూడు ముక్కలు బల్ల మీద పెట్టాడు. చూడ్డానికి మూడూ ఒకటే. ఆకుపచ్చ పలక, నల్ల చిప్పులు, అంచున బంగారు రంగు పళ్లు 204. తేడా చీటీ మీద ఉంది. రెండింటి మీద పీసీ3ఎల్, మూడోదాని మీద ఉత్త పీసీ3. "ఎల్ చూడాలె. ఎల్ ఉంటే 1.35 వోల్టులు. లేకపోతే 1.5. మీ మషీన్‌కు ఎల్ హోనా" అన్నాడు. ఎల్ లేనిది పెడితే కొన్ని లాప్‌టాప్‌లు అసలు లేవవట. ఆన్‌లైన్‌లో తొందరపడి కొనేవాళ్లు దెబ్బతినేది ఈ ఒక్క అక్షరం దగ్గరే. అట్లాగే డీడీఆర్4 ముక్కకు పళ్లు 260, గంటు ఇంకోచోట. అది దీనిలో దూరనే దూరదు. అది నయం, దూరనిదానితో పేచీ లేదు.

8 జీబీ ముక్క సెకండ్‌హ్యాండ్ 1,400 అన్నాడు. మూడు నెలల్లో పాడైతే మార్చి ఇస్తానన్నాడు. నాన్న ఉర్దూలో బేరం మొదలుపెట్టాడు. బేరం ఎక్కడ ముగిసిందో, ఇద్దరూ డీజిల్ ఇంజన్ల గురించి మాట్లాడుకోవడం ఎక్కడ మొదలైందో నేను గమనించలేదు. 1,250 ఇచ్చాను.

ఈ ముక్క ఎక్కడిదని అడిగాను. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో ఇళ్లు మునిగినప్పుడు సంచుల్లో పెట్టుకుని తెచ్చిన లాప్‌టాప్‌లలో ఒకదానిదట. ఆ వారమంతా బురద కంప్యూటర్లేనట. "బోర్డులు పోయినయి. ర్యామ్‌లు కడిగి ఎండబెడితే శానా మట్టుకు బతికినయి."

"దీంట్లో వాళ్లవేమైనా ఉంటాయా?" అన్నాను. నవ్వాడు. "కరెంటు పోతే ఖతం. దీనికేం యాదుండదు."

నిజమే. ర్యామ్‌లో ఒక్కో అక్షరపు ముక్కను దాచేది ఒక బుల్లి కెపాసిటర్. అందులో కరెంటు నిండి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ అనే ఇంజనీరు ఒకే ట్రాన్సిస్టర్‌తో దీన్ని నడిపే పద్ధతి కనిపెట్టాడు. 1968లో పేటెంట్ వచ్చింది. 2024లో ఆయన పోయాడు. చిక్కేమిటంటే ఆ కెపాసిటర్ కారుతుంది. చిల్లికుండలో నీళ్లలా కరెంటు జారిపోతుంది. అందుకని ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు పదిహేనుసార్లకు పైగా, ప్రతి గదినీ చదివి మళ్లీ నింపుతూ ఉండాలి. ఒక 8 జీబీ ముక్కలో అలాంటి గదులు దాదాపు 6,870 కోట్లు. మనం కదలకుండా ఒక పేజీ చదువుతున్నంతసేపూ లోపల ఆ పని జరుగుతూనే ఉంటుంది. అది ఆగిన కొద్ది సెకన్లలో అంతా పోతుంది. ఎవరిదో మునిగిన ఇంటి నుంచి వచ్చిన ఆ ముక్క నా చేతికి ఖాళీగానే వచ్చింది.

పని పది నిమిషాలు కూడా పట్టలేదు. లాప్‌టాప్ ఆపి, బోర్లించి, రెండు గొళ్లేలు జరిపి బ్యాటరీ ఊడదీశాడు. పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, లోపల మిగిలిన కరెంటును వదిలించాడు. అడుగున ఉన్న చిన్న మూతకు ఒకే ఒక్క స్క్రూ. ఆ స్క్రూను తీసి, ఒక అట్టముక్క మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, బొమ్మలో అదే చోట గుచ్చి పెట్టాడు. నాన్న అది చూశాడు. "మేము గూడ గిట్లనే పెట్టేది, గేర్‌బాక్స్ ఇప్పినప్పుడు" అన్నాడు నాతో. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి ఆనుకుని, కాలు చాపుకున్నాడు. నా లాప్‌టాప్ గురించి ఆయన బెంగ అప్పుడే తీరిందనుకుంటా.

ముక్క పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, గుడ్డతో తుడిచాడు. గంటు చూసుకుని ఏటవాలుగా స్లాట్‌లోకి దూర్చి, మెల్లగా కిందికి నొక్కాడు. రెండువైపులా క్లిప్పులు టక్కుమని పట్టుకున్నాయి. ఆన్ చేస్తే బయోస్‌లో 12288 ఎంబీ. అప్పటికీ వదల్లేదు, మెమరీ టెస్టు పెట్టాడు. అది అయ్యేలోపు చాయ్ తెప్పించాడు. మేం లేచేటప్పుడు లాప్‌టాప్ మూత తట్టి, "మషీన్ బుడ్ఢీ నై హుయీ బేటీ, కామ్ బడా హో గయా" అన్నాడు.

*

ఆ ఒక్క స్క్రూ మూత గురించి ఇంటికొచ్చాక ఆలోచించాను. 2014లో దాన్ని తయారుచేసినవాళ్లు, పదకొండేళ్ల తర్వాత ఛత్తాబజార్‌లో ఎవరో ఇది విప్పుతారని ఊహించి ఉండరు. కానీ విప్పడానికి వీలుగా చేశారు. ఒక స్లాటు ఖాళీగా వదిలారు. ఈ రోజు మీరు సన్నటి లాప్‌టాప్ కొంటే చాలావాటిల్లో ర్యామ్‌ను బోర్డుకే అతికించేసి ఉంటారు. దానికి కారణాలు లేకపోలేదు. మందం తగ్గుతుంది, కరెంటు తక్కువ తింటుంది, చిప్పుకూ ప్రాసెసర్‌కూ దూరం తగ్గి వేగం పెరుగుతుంది. కాకపోతే కొన్నరోజు ఎంత ఉందో, పారేసే రోజు కూడా అంతే. మన పని ఎంత పెరుగుతుందో ముందే చెప్పమంటే ఎవరు చెప్పగలరు? పదకొండేళ్ల కింద నన్నడిగితే, ఉస్మానియా లైబ్రరీ స్కాన్లు చూసి బతుకుతానని చెప్పి ఉండేదాన్నా?

దారులు పూర్తిగా మూసుకుపోలేదు. పలచటి లాప్‌టాప్‌లలోనూ విప్పి మార్చుకోగలిగే ర్యామ్ కోసం జెడెక్ సంస్థ 2023 డిసెంబరులో క్యామ్2 అనే కొత్త ప్రమాణం తెచ్చింది. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న 'రైట్ టు రిపేర్' పోర్టల్ పెట్టింది. పోర్టల్ ఉన్నంత మాత్రాన అతికించిన చిప్పు ఊడిరాదు. అందుకే మీరు కొత్తది కొనేముందు షాపువాడిని రంగు గురించి, బరువు గురించి అడిగాక, ఇంకొక్క మాట అడగండి: "స్లాట్లు ఎన్ని? ఒకటైనా ఖాళీ ఉందా?" వాడు జవాబు చెప్పలేకపోతే, అదీ ఒక జవాబే.

ర్యామ్ వేస్తే అన్నీ బాగైపోతాయని చెప్పను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 నా ప్రాసెసర్‌ను లెక్కలోకే తీసుకోదు. అందుకని లినక్స్ మింట్‌కు మారాను. యూనికోడ్ టైపింగ్ హాయిగా ఉంది, అను ఫాంట్ల ఫైళ్లు మాత్రం తెరవలేను. అవి వచ్చినప్పుడు ప్రచురణకర్త వేరేవాళ్లకు పంపిస్తున్నారు. జనవరిలో డబ్బులు రాగానే మళ్లీ ఆ మెట్లెక్కి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నాను. ప్రాసెసర్ పాతదే. వీడియో కాల్ వస్తే ఫ్యాన్ ఇప్పటికీ రైలు వచ్చినట్టు మోగుతుంది.

కానీ నాలుగు విండోలూ ఒకేసారి తెరుచుకుంటున్నాయి. మాట మీద నొక్కితే అర్థం వస్తోంది. మళ్లీ రోజుకు ఇరవై పేజీలు అవుతున్నాయి, ఒక్కోరోజు ఇరవై మూడు.

ఎఫ్‌డీ ఈ మార్చిలో చేతికొస్తుంది. ఆపరేషన్‌కు డేటు తీసుకున్నాం. హాస్పిటల్లో ఉండే ఆ నాలుగైదు రోజులూ లాప్‌టాప్ వెంట తెచ్చుకుంటానంటే నాన్న సరేనన్నాడు. "చార్జర్ మర్వకు, బ్యాటరీ గంట గూడ ఆగదు" అన్నాడు.